చెడిపోయిన యంత్రం ముందు కూర్చోబెట్టే చదువు

కొలంబస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో కమ్యూనిటీ కాలేజీ ప్రస్తావన రెండు రకాల గొంతులతో వస్తుంది. హైస్కూల్లో ఉన్న పిల్లలు, ఒహాయో రాష్ట్రం 2015లో మొదలుపెట్టిన కాలేజ్ క్రెడిట్ ప్లస్ పథకం కింద అక్కడ కాల్‌క్యులస్, ఇంగ్లీషు పూర్తిచేస్తే అది తెలివైన పని. ఫీజు లేదు, పుస్తకాల ఖర్చు లేదు, యూనివర్సిటీకి వెళ్ళకముందే క్రెడిట్లు చేతికొచ్చాయని తల్లిదండ్రులు పదిమందిలో గొప్పగా చెప్పుకుంటారు. అదే కాలేజీలో ఎవరైనా రెండేళ్ళ డిగ్రీ కోసమే చేరితే మాత్రం పరామర్శ మొదలవుతుంది. నేను ఎలక్ట్రోమెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీలో చేరిన ఏడాది, ఉగాది భోజనాల దగ్గర పరిచయస్థురాలు ఒకావిడ అడిగారు: "బీటెక్ చేసి మళ్ళీ డిప్లొమా ఏమిటి వదినా? అన్నయ్య ఏమీ అనలేదా?"

మా ఆయన ఏమీ అనలేదు. ఆవిడా చెడు ఉద్దేశంతో అడగలేదు. చదువులన్నీ ఒకే నిచ్చెన మీద ఉంటాయని, పై మెట్టు ఎక్కినవారు కింది మెట్టుకు దిగకూడదని మనందరికీ చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఈ నిచ్చెన లెక్కే తప్పని నా వాదన. చెడిపోయిన యంత్రం ముందు కూర్చుని, కనిపిస్తున్న లక్షణం నుంచి కనపడని కారణానికి వెళ్ళడం ఒక ప్రత్యేకమైన ఆలోచనా విధానం. నాకు బీటెక్ అది నేర్పలేదు. రెండేళ్ళ కోర్సు నేర్పింది.

నేను అనంతపురం జిల్లాలో పెరిగాను. ఈఈఈ చదివాను. మా ఆయన ఉద్యోగం వెంట హెచ్4 వీసాతో వచ్చాను. ఆ వీసాతో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015 మే నెల నుంచి, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన కుటుంబాల్లోని భార్యాభర్తలకు పని అనుమతి ఇవ్వడం మొదలైంది. నా వంతు వచ్చేసరికి తెలిసినవారందరూ ఒకే సలహా ఇచ్చారు: మూడు నెలల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ శిక్షణ. మంచి సలహానే, చాలామంది జీవితాలు దానితో కుదుటపడ్డాయి. నాకు మాత్రం మోటార్లంటే ఇష్టం. ఇష్టం అనేది కారణంగా చెల్లదని మనవాళ్ళు అనుకుంటారు కాబట్టి ఆ మాట ఎక్కడా పైకి అనలేదు.

కమ్యూనిటీ కాలేజీలు అమెరికాకు కొత్తవి కావు. ఇలినాయ్‌లోని జోలియట్‌లో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ 1901లో వచ్చింది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఊరూరా ఇలాంటి కాలేజీలు ఉండాలని చెప్పిన తర్వాత ఆ పేరు స్థిరపడింది. ప్రవేశ పరీక్ష వడపోత ఉండదు, ఆ జిల్లావాసులకు ఫీజు తక్కువ, సాయంత్రం తరగతులుంటాయి. ఎలక్ట్రోమెకానికల్ అంటే అటు విద్యుత్తు, ఇటు యంత్రం, మధ్యలో రెంటినీ కలిపే నియంత్రణ: మోటార్లు, గేర్లు, బేరింగులు, గాలి ఒత్తిడితోనూ నూనె ఒత్తిడితోనూ నడిచే సిలిండర్లు, సెన్సర్లు, పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే ఫ్యాక్టరీ కంప్యూటర్లు), రోబో చేతులు. అరవై పైచిలుకు క్రెడిట్లు, రెండేళ్ళు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి మూడేళ్ళు పడుతుంది, నాలుగైనా ఎవరూ వింతగా చూడరు. నా తరగతిలో గిడ్డంగి కన్వేయర్లు బాగుచేసే నడివయసు మనిషి, సైన్యం నుంచి తిరిగొచ్చిన యువకుడు, హైస్కూలు అప్పుడే అయిన పిల్లలు ఉండేవారు. చీర కట్టి దసరా పూజ చేసుకుని, వచ్చి స్టీల్ టో బూట్లు వేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

ఇక అసలు విషయానికి వస్తాను. రైతు మోటారు స్టార్టర్ తెలిసినవారికి ఇది సులభంగానే అర్థమవుతుంది. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, వేలు తీసినా తిరుగుతూనే ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. వేలు తీసినా ఎందుకు తిరుగుతుందంటే, మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్ అయిన కాంటాక్టర్ లోపలికి లాగుకున్నప్పుడు దాని పక్కనున్న చిన్న సహాయక కాంటాక్టు మూసుకుని, పచ్చ బటన్‌కు సమాంతరంగా కరెంటుకు మరో దారి ఇస్తుంది. మొదటి సెమిస్టర్‌లోనే మాకు ఈ సర్క్యూట్ తీగ తీగ కలిపి కట్టడం నేర్పారు. అంతవరకు మామూలే. ఆ తర్వాతి వారం మేము ల్యాబుకు వెళ్ళేసరికి బోధకుడు ప్రతి బల్ల మీద ఒక లోపం పెట్టి ఉంచాడు.

మా బల్ల మీది మోటారు పచ్చ బటన్ నొక్కినంతసేపు తిరిగి, వేలు తీయగానే ఆగిపోతోంది. అందరి చేతులూ మీటరు మీదికి వెళ్ళాయి. ఆయన వెళ్ళనివ్వలేదు. ముందు కాగితం తీయమన్నాడు. ఈ ఒక్క లక్షణాన్ని బట్టి ఏమేమి బాగున్నాయో రాయమన్నాడు. రాస్తూపోతే ఆశ్చర్యం వేస్తుంది. మోటారు తిరుగుతోంది కాబట్టి మూడు ఫేజులూ వస్తున్నాయి, ఫ్యూజులు బాగున్నాయి. కాంటాక్టర్‌ను లాగే తీగచుట్ట, అంటే కాయిల్, లాగుతోంది కాబట్టి 480 వోల్టుల నుంచి 120కి దించే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, ఎర్ర బటన్ కాంటాక్టు మూసే ఉంది, మోటారు మీద భారం మించితే ఆపే ఓవర్‌లోడ్ రిలే తెగలేదు, కాయిల్ బాగుంది. ఇక మిగిలింది ఆ చిన్న సహాయక కాంటాక్టు, దానికి వెళ్ళే రెండు తీగలు. మీటరు ముట్టుకోకుండానే పెట్టెలోని పది అనుమానాలు మూడుకు తగ్గాయి.

మీటరు పట్టుకున్నాక కూడా ఆయన నియమం ఒకటే. రెండు కొనలు ఆనించే ముందు, అక్కడ ఎన్ని వోల్టులు రావాలో రాసి పెట్టాలి. రాయకుండా కొలిస్తే మార్కులు లేవు. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న కాంటాక్టుల వరుసలో ఒకటి తెరుచుకుని ఉంటే, మొత్తం 120 వోల్టులూ సరిగ్గా దాని రెండు కొనల మధ్యే కనిపిస్తాయి. మూసుకున్న వాటి మీద సున్నా. అంటే మీటరు సున్నా చూపిస్తే ఆ భాగం బాగున్నట్లు, నిండుగా వోల్టేజి చూపిస్తే అక్కడే తెగినట్లు. ఇదే మీటరు కాయిల్ మీద నిండా 120 చూపించి కాంటాక్టర్ కదలకపోతే, చెడింది కాయిల్. అంకె ఒకటే, అర్థం మాత్రం మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ముందే ఊహించి రాసుకోనివారికి మీటరు ఇచ్చేది అంకె మాత్రమే.

పొడవైన వరుస అయితే మధ్యలో కొలవమంటారు. మధ్యదాకా వోల్టేజి ఉంటే లోపం రెండో సగంలో ఉంది, లేకపోతే మొదటి సగంలో. పదహారు చోట్లలో ఒక తెగిన చోటును నాలుగు కొలతల్లో పట్టుకోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉద్యోగ ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టే బైనరీ సెర్చ్ ఇదే. ఆ ప్రశ్నకు జవాబు తెల్లబోర్డు మీద రాస్తే మేధావి, అదే పని చేతిలో మీటరుతో చేస్తే మెకానిక్. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడిగితే, పనిలోంచి రాలేదు, బట్టలకు అంటే నూనెలోంచి వచ్చింది.

బీటెక్‌లో నేను ఇండక్షన్ మోటారు సమాన సర్క్యూట్ గీశాను, స్లిప్ లెక్కలు వేశాను, టార్క్ వక్రరేఖలు గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ల్యాబులో ముందే కలిపి ఉంచిన బల్ల మీద రీడింగులు తీసుకుని రికార్డు రాసేవాళ్ళం. ఆ రీడింగులు సీనియర్ల రికార్డుల్లో అప్పటికే ఉండేవి. మోటారు ఎప్పుడూ చెడిపోయేది కాదు, చెడితే అటెండరు వచ్చి చూసేవాడు. ఆ అటెండరు ఏం చూశాడో, ఎలా కనుక్కున్నాడో సిలబస్‌లో లేదు.

ఆ సైద్ధాంతిక చదువు వృథా అనడం లేదు. ఇక్కడి నాలుగు పోళ్ళ మోటారు నేమ్‌ప్లేటు మీద 1750 అని ఎందుకు ఉంటుందని కన్వేయర్ల మనిషి ఒకసారి అడిగాడు. 60 హెర్ట్జ్ సరఫరాలో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది, లోపల తిరిగే రోటరు దాన్ని అందుకుంటే టార్క్, అంటే తిప్పే బలం, ఉండదు కాబట్టి కొంచెం వెనకబడి నడుస్తుంది, మా ఊళ్ళో 50 హెర్ట్జ్ కనుక అక్కడ 1500కు కొంచెం తక్కువ అని చెప్పాను. అతను చాలా ఏళ్ళుగా ఆ మోటార్లే మారుస్తున్నాడు, ఎవరూ చెప్పలేదన్నాడు. అదే మనిషి నడుస్తున్న మోటారు బేరింగు తొడుగు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, షాఫ్టు వైపు బేరింగు పోతోందని చెప్పాడు. తీసి చూస్తే బేరింగు నడిచే దారిలో గుంటలు పడి ఉన్నాయి. ఆ గదిలో మా ఇద్దరిలో ఎవరు పై మెట్టు మీద ఉన్నారో చెప్పడం కష్టం.

రిపేరు వేరు, డిజైను వేరు, డిజైనుకే తెలివి కావాలి అనేవారికి ఎర్ర బటన్ కథ చెప్తాను. పచ్చ బటన్ మామూలుగా తెరిచి ఉంటుంది, నొక్కితే మూసుకుంటుంది. ఎర్ర బటన్ దానికి తిరగబడ్డది, ఎప్పుడూ మూసి ఉండి, నొక్కితే తెరుచుకుంటుంది. ఎందుకంటే ఎర్ర బటన్ తీగ ఎక్కడైనా తెగితే యంత్రం తనంతట తానే ఆగాలి. తిరగేసి కడితే తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియదు, ప్రమాదం జరిగి బటన్ నొక్కినప్పుడు ఏమీ జరగదు. సెన్సర్ల సంకేతాలదీ అదే తర్కం. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీ ఆంపియర్లు, నిండితే 20, సగమైతే 12. సున్నా నుంచి మొదలుపెట్టకుండా 4 నుంచి ఎందుకంటే, సున్నా వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అని కాకుండా తీగ తెగిందని తెలియాలి. ఈ డిజైన్లు చేసినవారు ముందుగా అడిగిన ప్రశ్న "ఇది చెడిపోతే ఏమవుతుంది" అన్నదే. లోపాలు వెతికి వెతికి అలవాటైనవారికి ఆ ప్రశ్న మొదటే తడుతుంది.

పీఎల్‌సీ చరిత్ర కూడా నా వైపే సాక్ష్యం చెబుతుంది. అరవైల్లో కార్ల ఫ్యాక్టరీల్లో నియంత్రణ అంతా రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లతో, నిండిన బీరువాల్లో ఉండేది. మోడల్ మారినప్పుడల్లా వాటిని పీకి మళ్ళీ తీగలు కలపాలి. 1968లో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం దానికి బదులు ఏదైనా కావాలని కోరింది. మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో డిక్ మోర్లీ బృందం తయారుచేసిన యంత్రానికి మోడికాన్ 084 అని పేరు, వాళ్ళ 84వ ప్రాజెక్టు కనుక. అందులో ప్రోగ్రాము రాసే పద్ధతి ల్యాడర్ డయాగ్రమ్, అంటే ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లు అప్పటికే చదవగలిగిన రిలే బొమ్మే. రాత్రి రెండింటికి లైను ఆగిపోతే అక్కడున్న మనిషి చదవగలగాలి, అందుకే కంప్యూటర్ భాష ఎలక్ట్రీషియన్ దగ్గరికి దిగివచ్చింది. అర్ధ శతాబ్దం గడిచినా అమెరికా ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేది ఆ బొమ్మలే.

అన్నిటికన్నా నా మనసులో లోతుగా నాటుకున్నది మాత్రం తాళం. యంత్రంలో చేయి పెట్టే ముందు విద్యుత్తు మెయిన్ ఆపి, దానికి నా సొంత తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకోవాలి. ఐదుగురు పనిచేస్తుంటే ఐదు తాళాలు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1989లో దీన్ని నిబంధనగా చేసింది. తాళం వేశాక మీటరును ముందు కరెంటు ఉన్నచోట పరీక్షించి, తర్వాత మన సర్క్యూట్‌లో చూసి, మళ్ళీ కరెంటు ఉన్నచోట చూడాలి. మధ్యలో మీటరే చచ్చిపోయి సున్నా చూపించి ఉండవచ్చు కదా. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివేవారికి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ సరఫరా తిరిగి రావడంతో మరణించాడన్న వార్త కొత్త కాదు. ఎల్‌సీ అంటే సబ్‌స్టేషన్‌లో ఉన్న మరో మనిషి ఇచ్చిన మాట. మాట మంచిదే, దానికి తోడు స్తంభం ఎక్కిన మనిషి జేబులో ఒక తాళంచెవి ఉండాలి.

ఈ చదువులో లోపం లేదని అనను. గణితం పలుచన. చాలా కాలేజీల్లో ఈ కోర్సు బీజగణితం, త్రికోణమితి దగ్గర ఆగిపోతుంది. ఫలితం పీఐడీ నియంత్రణ, అంటే కావలసిన విలువకూ ఉన్న విలువకూ తేడాను బట్టి యంత్రాన్ని సర్దే పద్ధతి, చెప్పేటప్పుడు బయటపడుతుంది. అందులో పీ అంటే అనుపాతం, ఐ అంటే సమాకలనం, డీ అంటే అవకలనం. కాల్‌క్యులస్ లేనివారికి అవి మూడు తిప్పుడు బొత్తాలు మాత్రమే, ఇటు తిప్పితే ఊగుతుంది, అటు తిప్పితే నెమ్మదిస్తుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక కూడా సమాకలనం లెక్క లోపల ఎందుకు పేరుకుపోతుందో బీటెక్ చదివిన నాకు వెంటనే తెలిసింది, నా పక్కనున్న చురుకైన కుర్రవాడికి తెలియలేదు. అతని తెలివి తక్కువై కాదు. అతనికి ఆ గణితం అక్కర్లేదని ఎవరో ముందే నిర్ణయించారు.

ఆ నిర్ణయానికి ఒక చరిత్ర ఉంది. 1955లో ఇంజనీరింగ్ ఆచార్యుడు గ్రింటర్ అధ్యక్షతన అమెరికాలో వచ్చిన నివేదిక ఇంజనీరింగ్ చదువులో విజ్ఞానశాస్త్రం, గణితం పెంచమంది. వర్క్‌షాపు, డ్రాయింగు తగ్గాయి. ఆ ఖాళీలో ఇంజనీరింగ్ టెక్నాలజీ అనే వేరే శాఖ పెరిగింది. నేటికీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థలో ఇంజనీరింగ్‌కు ఒక కమిషన్, టెక్నాలజీకి మరో కమిషన్. రెండేళ్ళ అప్లైడ్ సైన్స్ డిగ్రీ క్రెడిట్లను టెక్నాలజీ బ్యాచిలర్ కోర్సులు చాలావరకు తీసుకుంటాయి. మామూలు ఇంజనీరింగ్ బ్యాచిలర్ కోర్సులో చేరబోతే భౌతికశాస్త్రం నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి రావచ్చు. చేరేముందే, మొదటి సెమిస్టర్ ఫీజు కట్టకముందే, ఈ డిగ్రీని ఏ యూనివర్సిటీలో ఏ కోర్సు ఎన్ని క్రెడిట్లకు తీసుకుంటుందో రాతపూర్వకంగా అడగాలి. వీలైతే కాల్‌క్యులస్, దానితో నడిచే ఫిజిక్స్ పక్కన చేసుకోవాలి. అవి అదే కాలేజీలో దొరుకుతాయి. మన పిల్లలు ఉచితంగా చేస్తున్న ఆ కోర్సులే.

ఈ విషయంలో మన రెండు రాష్ట్రాలు కాస్త నయం. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. నా బీటెక్ తరగతిలో అలా వచ్చినవారు ఉండేవారు. మెషీన్స్ ల్యాబులో వాళ్ళ చుట్టూ చేరేవాళ్ళం, గణితంలో వాళ్ళు మా చుట్టూ చేరేవారు. ఆ వంతెన మీద రాకపోకలు ఒకే దిక్కుకు ఉండటమే చిక్కు. బీటెక్ నుంచి చేతిపని వైపు వచ్చేవారికి మర్యాదైన దారి లేదు. అనంతపురం జిల్లాలో బోరు మోటారు ఒక ఫేజు పోయి మూలుగుతూ కాలిపోతే, కాలిన వైండింగు రంగు చూసి ఏ ఫేజు పోయిందో చెప్పే మనిషి వైండింగు షాపులో దొరుకుతాడు. అతనికి పరీక్ష లేదు, పట్టా లేదు. అతని దగ్గర రెండు నెలలు కూర్చోవడానికి ఏ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థిని పంపదు.

ఇక్కడ దానికి పట్టా, జీతం రెండూ ఉన్నాయి. కెంటకీలో టయోటా 2010లో ఫేమ్ అనే పద్ధతి మొదలుపెట్టింది. వారంలో రెండు రోజులు కమ్యూనిటీ కాలేజీ, మూడు రోజులు జీతంతో ఫ్యాక్టరీ పని. తర్వాత ఎన్నో సంస్థలు అందులో చేరాయి. మా ఒహాయోలోనూ మేరీస్‌విల్ హోండా ఫ్యాక్టరీ చుట్టూ ఇలాంటివి పెరిగాయి. ఇంటెల్ 2022 జనవరిలో లికింగ్ కౌంటీలో చిప్పుల ఫ్యాక్టరీ ప్రకటించగానే టెక్నీషియన్ల కోర్సుల హడావుడి మొదలైంది. 2025లో వస్తుందన్నది 2030కి, ఆ పైకి జరిగింది. ఒక్క కంపెనీ మాట నమ్ముకుని కోర్సు ఎంచుకున్నవారు ఎదురుచూస్తున్నారు. మోటారు, వాల్వు, సెన్సరు నేర్చుకున్నవారు బీరు ఫ్యాక్టరీకో, మందుల ఫ్యాక్టరీకో, గిడ్డంగికో వెళ్ళిపోయారు.

ఇండియా నుంచి ఎఫ్1 విద్యార్థి వీసాతో రావాలనుకునేవారు మాత్రం ఈ వ్యాసం చూసి బయలుదేరవద్దు. రెండేళ్ళ డిగ్రీ తర్వాత ఒక ఏడాది పని అనుమతి దొరకవచ్చు కానీ, సైన్స్, ఇంజనీరింగ్ చదివినవారికి ఆ అనుమతి పెంచే స్టెమ్ పొడిగింపుకు కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. ఉద్యోగ వీసా అయిన హెచ్1బీకి కూడా దాదాపు అంతే. అప్పు చేసి వచ్చేవారికి ఇది దారి కాదు. నేను మాట్లాడుతున్నది ఇక్కడే స్థిరపడి, పని అనుమతి చేతిలో ఉండి, ఇంట్లో కూర్చున్న ఈఈఈ, మెకానికల్ అమ్మాయిల గురించి. ఇక్కడే పుట్టి, కంప్యూటర్ సైన్స్ పడక, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక నలుగుతున్న పిల్లల గురించి కూడా.

వాళ్ళకు పని వేళల గురించి చెప్పాలి. మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరినవారికి రాత్రి షిఫ్టు తప్పదు, పన్నెండు గంటల షిఫ్టులూ మామూలే. ఊరంతా సెలవులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగినప్పుడే యంత్రాలు విప్పగలం. జూలై మొదటి వారం, క్రిస్మస్ వారం మాకు ఏడాదిలోకెల్లా ఎక్కువ పని. మా ఇంట్లో ఆ వారాల్లో వంట మా ఆయనది, పిల్లలను సరస్సు దగ్గరికి తీసుకెళ్ళేదీ ఆయనే. ఓవర్‌టైముకు గంటకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. దసరాకు సెలవు కావాలంటే ఆ క్రిస్మస్ షిఫ్టు ఒప్పుకున్నవారికి సులభంగా దొరుకుతుంది, నాకు ప్రతి ఏడాదీ దొరికింది.